పట్టి నుండి నగరం వరకు
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చదివిన ప్రసంగ పాఠం)



జూబిలీ సభలలో పాఠశాల గడచిన చరిత్రను గూర్చి, ఉత్తీర్ణుల సంఖ్యను గూర్చి, దాతల ఔదార్యమును గూర్చి మాట్లాడటం వాడుక. ఆ పని ఇతర వక్తలు చక్కగా చేశారు. ఈ ప్రసంగానికి ఎన్నుకొన్న విషయం వేరు. ఈ పాఠశాలకు పిల్లలను పంపిన గ్రామాలలో కొన్ని నేడో రేపో పట్టణంలో కలియవలసి రావచ్చు. కలిసిన తరువాత ఏమగునో, ఇదివరకు కలిసిన ఊళ్ళకు ఏమయినదో తెలిసికొని ఉండటం తల్లిదండ్రులకు అవసరం. పాఠ్యపుస్తకంలో పౌరశాస్త్రం చివరి పాఠాలలో ఉంటుంది. పరీక్షలు దగ్గర పడటంతో తరచుగా ఆ పాఠాలకే సమయం చాలదు. ఆ లోటు కొంతయినా తీర్చటమే ఇక్కడి ఉద్దేశం.

కళుగుమలై నుండి కోవిల్‌పట్టికి సుమారు 20 కిలోమీటర్లు. అక్కడి నుండి ఉత్తరంగా సాత్తూరు, విరుదునగరం. ఈ దారి పొడుగునా ఊళ్ళ పేర్లు గమనించినవారికి ‘పట్టి’ అనే ముగింపు మాటిమాటికీ వినిపిస్తుంది. ఆ పేర్లలో రెండింటి కథ చెప్పుకొనదగినది. నేటి విరుదునగరం ఒకప్పుడు విరుదుపట్టి. అది 1915లో పురపాలక సంఘమైనది. ఎనిమిదేళ్ళు గడచిన పిమ్మట, 1923లో, ఆ సంఘమే తీర్మానించి ‘పట్టి’ని తీసివేసి ‘నగర్’ అని చేర్చుకొన్నది. కోవిల్‌పట్టి 1964లో పురపాలక సంఘమైనది గాని, పట్టిని విడువలేదు. అగ్గిపెట్టెలతో, మిల్లులతో, వేరుశనగ మిఠాయితో దేశమంతా పేరు పొందిన ఆ ఊరికి పట్టి అన్న పేరు వలన నష్టమేమీ కలుగలేదు. 2020లో ఆ మిఠాయికి భౌగోళిక గుర్తింపు లభించినప్పుడు కూడ ఆ పేరే దానికి ముందు నిలిచినది.

ఊరు ఏర్పడటమంటే ఏమిటో ఈ కరిసల్ భూమిలోని తెలుగువారికి ఒకరు చెప్పనక్కరలేదు. విజయనగర, నాయక రాజుల కాలంలోనూ ఆ తరువాతనూ దక్షిణానికి వచ్చిన కుటుంబాలు ముళ్ళచెట్లు కొట్టి, నల్లరేగడిని దున్ని, వాననీటిని నిలుపుకొనుటకు చెరువులు త్రవ్వి ఊళ్ళు కట్టుకొన్నవి. ఇక్కడివారు ఆ చెరువునే కన్మాయి అంటారు. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో పుట్టి 2021లో కీర్తిశేషులైన కి. రాజనారాయణన్ తల్లిభాష తెలుగు, వ్రాసినది తమిళం. 1976లో వెలువడిన ఆయన నవల ‘గోపల్ల గ్రామం’ వస్తువే ఒక ఊరి పుట్టుక. దాని తరువాతి భాగమైన ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చినది. చుట్టుప్రక్కల ఊళ్ళలో వృద్ధులు చావడిలో చెప్పుకొనే సంగతులే ఆ పుస్తకాలలో కనిపిస్తవి. ఇంకొక సంగతి. కళుగుమలైని ఏలిన ఎట్టయపురం సంస్థానంలో 1904లో సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ అచ్చయినది. ఆ బృహద్గ్రంథం తెలుగు లిపిలోనే వచ్చినది. ఈ విషయం పిల్లలకు చెప్పినప్పుడెల్లా వారి కళ్ళు పెద్దవవుతవి.

అట్టి ఊళ్ళను కలిపి ఒక పట్టణంగా చేయటానికి చట్టంలో దారి ఏమిటి? రాజ్యాంగపు 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న, 74వ సవరణ అదే సంవత్సరం జూన్ 1న అమలుకు వచ్చినవి. మొదటిది గ్రామాలకు, రెండవది పట్టణాలకు. 243-క్యూ అధికరణం పట్టణ ప్రాంతాలను మూడు విధాలుగా చెప్పినది: గ్రామ లక్షణం నుండి పట్టణ లక్షణానికి మారుతున్న ప్రదేశానికి నగర పంచాయతీ, చిన్న పట్టణానికి పురపాలక సంఘం, పెద్ద నగరానికి కార్పొరేషను. ఏది ఏ తరగతికి చెందునో గవర్నరు ప్రకటించాలి. అంటే నిర్ణయించేది రాష్ట్ర ప్రభుత్వం. జనాభా, జనసాంద్రత, స్థానిక ఆదాయం, వ్యవసాయేతర వృత్తులలో ఉన్నవారి శాతం, ఆర్థిక ప్రాముఖ్యం చూడవలెనని ఆ అధికరణమే చెప్పుచున్నది. మారుతున్న ప్రదేశం అన్న మాట కళుగుమలైకి చక్కగా సరిపోవును. అది పట్టణ పంచాయతీ. కొండమీద పాండ్యులనాటి వెట్టువాన్ కోయిల్, జైన శిల్పాలు. కొండక్రింద మురుగన్ ఆలయం, తేరువీధి, బజారు. ఆ వీధి దాటితే సేద్యపు భూములు. అది ఊరా, పట్నమా అని బయటివారు అడిగితే స్థానికులు నవ్వి ఊరుకొంటారు.

రాజ్యాంగం చెప్పిన ఆ అయిదారు లక్షణాలలో గ్రామస్థుల సమ్మతి లేదు. ఇది గమనింపదగిన విషయం. అభ్యంతరాలు చెప్పుకొనుటకు రాష్ట్ర చట్టాలు గడువు ఇస్తవి. కాని అభ్యంతరం వినటం వేరు, సమ్మతి పొందటం వేరు.

తమిళనాట తెలుగువారు గణనీయంగా ఉన్న పట్టణాలలో హోసూరు ముఖ్యమైనది. భాషా రాష్ట్రాలు ఏర్పడినప్పుడు మద్రాసు రాష్ట్రంలోనే నిలిచిపోయిన తాలూకా అది. తెలుగు, కన్నడం, తమిళం మూడూ ఒకే వీధిలో వినిపించే ఊరు. 1970 దశకంలో అక్కడ పరిశ్రమల పేట నెలకొల్పబడినది. ఆ తరువాత మోటారు వాహనాల కర్మాగారాలు వచ్చినవి. బెంగుళూరు చెంతనే ఉండటం చేత జనం వెల్లువగా వచ్చి చేరినారు. కర్మాగారాలు లేచినది పట్టణం నడుమ కాదు. మూకండపల్లి, జూజువాడి వంటి గ్రామాల పొలిమేరలలో. పని ఒకచోట, నివాసం మరొకచోట, మురుగునీరు పారేది ఇంకొకచోట అయినప్పుడు సరిహద్దు రాళ్ళకు అర్థం తగ్గిపోతుంది. ఆ పరిస్థితిలో 2011లో మత్తిగిరి పట్టణ పంచాయతీని, మూకండపల్లి, జూజువాడి, ఆవలపల్లి, చెన్నత్తూరు గ్రామ పంచాయతీలను హోసూరు పురపాలక సంఘంలో కలిపినారు. పాత హద్దులలో 2011 జనగణన ప్రకారం హోసూరు జనసంఖ్య 1,16,821. కలిసిన ఊళ్ళను చేర్చి చూస్తే అది దాదాపు రెండింతలు. 2019 ఫిబ్రవరిలో హోసూరు కార్పొరేషనుగా మారినది. 45 వార్డులకు 2022 ఫిబ్రవరిలో ఎన్నికలు జరిగినవి.

పల్లి, వాడి అని ముగిసే ఆ పేర్లు ఎవరు పెట్టినవో వేరే చెప్పవలెనా? మత్తిగిరి పశువుల క్షేత్రం కంపెనీ ప్రభుత్వం నాటిది, 1824లో మొదలయినది. హోసూరు పరిశ్రమల పేటకు అది నూటయాభై ఏళ్ళ పెద్ద. అయినను నేడు ఉత్తరం మీద ముందుగా వ్రాయవలసినది హోసూరు పేరే. మత్తిగిరి ఒక పేట అయినది.

హోసూరులో కలియటం వలన మేలు జరుగలేదని చెప్పటం సత్యం కాదు. లక్షలాది జనానికి నీరు తేవటం ఏ ఒక్క పల్లె తరము కాదు. కావేరి నీటిని హొగెనకల్ నుండి కృష్ణగిరి, ధర్మపురి జిల్లాలకు తెచ్చిన సమష్టి పథకం 2013లో పని ప్రారంభించినది. అట్టి పథకానికి అప్పు తెచ్చుకొనుటకు, ఇంజనీర్లను నియమించుకొనుటకు, గొట్టాలు వేయించుటకు పెద్ద సంస్థలు కావలెను. ఈ ప్రాంతంలోనూ అంతే. కోవిల్‌పట్టి కుళాయిలలో వచ్చే నీరు ఎక్కడో సీవలపేరి వద్ద తామ్రపర్ణి నుండి బయలుదేరినది. కడవ తీసుకొని మైళ్ళు నడచిన తరం ఈ సభలో ఇంకా ఉన్నది. నిత్యం నీరు మోసినది ఎక్కువగా స్త్రీలే గనుక, పట్టణంలో కలియుటకు ముందుగా తల ఊపేది కూడ వారే కావటంలో ఆశ్చర్యం లేదు.

ఇంకా దగ్గరి దృష్టాంతం శివకాశి. 1920లో పురపాలక సంఘమైన ఊరు. 1920 దశకం మొదట్లో పి. అయ్య నాడారు, ఎ. షణ్ముగ నాడారు కలకత్తాకు పోయి అగ్గిపెట్టెల తయారీ నేర్చుకొని వచ్చినారు. ఆనాటి నుండి అగ్గిపుల్ల, బాణసంచా, అచ్చుపని ఆ ఊరికి అన్నం పెట్టినవి. దాని ప్రక్కనే తిరుత్తంగల్. ‘శిలప్పదికారం’లో తంగాల్ అను పేర కనిపించే ప్రాచీన గ్రామం. నిన్ర నారాయణ పెరుమాళ్ కొలువైన దివ్యదేశం. ఆ కావ్యంలోని కథ క్లుప్తంగా ఇది: తంగాల్ బాలుడొకడు వేదపఠనం చక్కగా చేసి నగలు బహుమానంగా పొందగా, రాజోద్యోగులు దొంగతనమని అతని తండ్రిని చెరలో వేస్తారు. దుర్గ ఆలయపు తలుపు మూసుకొనిపోతుంది. పాండ్యరాజు తప్పు తెలిసికొని, అతనిని విడిపించి, క్షమాపణ వేడుకొని ఆ ఊరినే ఇనాముగా ఇస్తాడు. అధికారి తొందరపాటును రాజు దిద్దుకొన్న కథలు మన సాహిత్యంలో మరీ ఎక్కువ లేవు. అందుచేతనే ఇంతసేపు చెప్పవలసి వచ్చినది.

ఆ తిరుత్తంగల్ కూడ కాలక్రమాన పురపాలక సంఘమైనది. 2011 జనగణనలో శివకాశికి సుమారు 71 వేలు, తిరుత్తంగల్‌కు సుమారు 55 వేల జనాభా. ఎవరూ మరీ చిన్నవారు కారు. 2021లో తమిళనాడు ప్రభుత్వం తాంబరం, కాంచీపురం, కరూరు, కడలూరు, కుంభకోణంతోపాటు శివకాశిని కార్పొరేషను చేయుటకు నిర్ణయించినది. తిరుత్తంగల్ అందులో కలిసినది. 48 వార్డులతో 2022 ఫిబ్రవరిలో ఎన్నిక జరిగి, సంగీతా ఇన్బం తొలి మేయరయినారు. కార్పొరేషనుకు నిలిచిన పేరు శివకాశి. రెండువేల ఏళ్ళ వయసు చెప్పుకోగల పేరు కోవెల గోపురానికి, రైల్వే స్టేషనుకు, వార్డుల పట్టికకు పరిమితమైనది. ఇద్దరు సమానులు కలిసినప్పుడు కూడ ఒక పేరే పైన నిలుస్తుంది. 1960లో హైదరాబాదు కార్పొరేషనులో సికింద్రాబాదు కార్పొరేషను విలీనమైనప్పుడును అంతే. అయితే సికింద్రాబాదు పేరును జనం విడువలేదు. జంటనగరాలన్న మాట ఇంకా నోళ్ళలో ఉన్నది.

తెలుగు రాష్ట్రాల అనుభవం మరొక పాఠం చెప్పుచున్నది. విశాఖపట్నం 1979లో కార్పొరేషను అయినది. 2005 నవంబరులో గాజువాక పురపాలక సంఘాన్ని, 32 గ్రామాలను చేర్చి మహా విశాఖ నగర పాలక సంస్థగా విస్తరించినారు. సుమారు 111 చదరపు కిలోమీటర్ల నగరం ఒక్కసారిగా 500 పైబడినది. 2013లో భీమునిపట్నం, అనకాపల్లి కూడ కలిసినవి. భీమునిపట్నం 1861 నాటి పురపాలక సంఘం; దేశంలోనే ప్రాచీనమైన వాటిలో ఒకటి. విశాఖకు కార్పొరేషను రావటానికి నూరేళ్ళకు పైగా ముందే తన వీధిదీపాలను తాను వెలిగించుకొన్న ఊరు, విశాఖలో కొన్ని వార్డులయినది. ఇదంతా పరిపాలన సౌకర్యం కొరకే అనుకొందాము. కాని ఎన్నికల సంగతి చూడవలెను. 2007లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2012లో ముగిసినది. మరల ఎన్నికలు జరిగినది 2021 మార్చిలో. నడుమ తొమ్మిదేళ్ళు అధికారులే పాలించినారు. 2013లో కలిసిన భీమిలివారికి తమ కొత్త నగరంలో తొలి ప్రతినిధి దొరుకుటకు ఎనిమిదేళ్ళు పట్టినది.

హైదరాబాదులోనూ ఈ విరామం ఉన్నది. 2007 ఏప్రిల్ 16న 12 పురపాలక సంఘాలను, 8 గ్రామ పంచాయతీలను కలిపి మహానగర సంస్థను ఏర్పరచినారు. ఎన్నిక జరిగినది 2009 నవంబరులో. శేరిలింగంపల్లి, కుకట్‌పల్లి, ఉప్పల్ కలాన్, కాప్రా, అల్వాల్ – ఇవన్నీ అంతకుముందు పల్లెలుగా ఉండి, పట్టణాలై, నగరంలో లీనమైన పేర్లే. శేరిలింగంపల్లి పరిధిలోనే నేటి ఐటీ కార్యాలయాల అద్దాల భవనాలున్నవి. అక్కడ భూమి అమ్ముకొన్న రైతులలో బాగుపడినవారున్నారు, చెడినవారున్నారు. ఆ లెక్క ఏ గెజెట్‌లోనూ ఉండదు.

తమిళనాడు ఈ విషయంలో తెలుగు రాష్ట్రాలకు తీసిపోలేదు. ఇక్కడి పట్టణ సంస్థలకు 2011 తరువాత మరల ఎన్నికలు జరిగినది 2022లో. గ్రామ పంచాయతీలకు 2019 డిసెంబరులో తూత్తుకుడి, విరుదునగరం జిల్లాలతో సహా 27 జిల్లాలలో ఎన్నికలు జరిగినవి. వారి పదవీకాలం 2025 జనవరి 5న ముగిసి, ప్రత్యేకాధికారులు వచ్చినారు. సరిగ్గా ఆ రోజులలోనే రాష్ట్రంలో వందలాది గ్రామ పంచాయతీలను సమీప కార్పొరేషనులలో, పురపాలక సంఘాలలో చేర్చే ప్రతిపాదనలు వెలువడినవి. గ్రామం తన పక్షాన మాట్లాడుటకు ఎన్నుకొన్న మనిషి లేని వేళ గ్రామం ఉండవలెనా కలియవలెనా అన్న ప్రశ్న వచ్చినది. ఇది కావాలని చేసినదని ఎవరూ అననక్కరలేదు. కాని జరిగినది న్యాయంగా లేదు. పలు గ్రామాల వారు, ముఖ్యంగా స్త్రీలు, కలెక్టరు కార్యాలయాలకు వినతిపత్రాలతో వెళ్ళినారు.

వారి వినతిపత్రాలలో పేరును గూర్చిన బాధ కంటె ఎక్కువగా కనిపించినది పని. 2005 నాటి ఉపాధి హామీ చట్టం గ్రామీణ కుటుంబానికి ఏడాదికి నూరు రోజుల పని హామీ ఇచ్చినది. అది గ్రామాలకే. 2025 డిసెంబరులో పార్లమెంటు దాని స్థానంలో 125 రోజుల పని చెప్పే మరొక చట్టం చేసినది, అదియును గ్రామాలకే. ఊరు పట్టణంలో కలిసిన మరునాడు కూడ కూలి మనిషి అదే కూలి మనిషి, చేను అదే చేను. కాగితం మీద మాత్రం ఆమె నగరవాసిని. వర్షాధార భూములు గల ఈ ప్రాంతంలో ప్రత్తి ఏరుట, మిరప కోత అయిపోయిన నెలలలో ఆ పని రోజులే పొయ్యి వెలిగించినవి. పట్టణాలలోనూ ఒక ఉపాధి పథకాన్ని తమిళనాడు 2021–22లో కొన్నిచోట్ల ప్రారంభించినది గాని, దానికి చట్టపు హామీ లేదు.

రెండవది పన్ను. పెంకుటింటికి, దానికి ఆనుకొన్న పశువుల కొట్టానికి గ్రామంలో కట్టే ఇంటిపన్ను స్వల్పం. 2022 ఏప్రిల్‌లో తమిళనాడు పట్టణ సంస్థలలో ఆస్తిపన్ను ఇంటి వైశాల్యాన్ని, ఊరిని బట్టి 25 శాతం నుండి 150 శాతం వరకు పెరిగినది. పన్ను లేకుండ కుళాయి రాదు, దీపం రాదు, నిజమే. కాని పన్ను మొదటి సంవత్సరమే వచ్చి, మురుగుకాలువ పదవ సంవత్సరం వస్తే ఆ నడుమ కాలానికి సమాధానం చెప్పవలసినవారు ఎవరు?

మూడవది, బహుశః అన్నిటికంటె ముఖ్యమైనది, ఎదురుగా నిలిచి అడిగే హక్కు. తమిళనాట గ్రామ పంచాయతీ అధ్యక్షుని ఓటర్లే నేరుగా ఎన్నుకొంటారు. గ్రామసభ జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2 తేదీలలో కూడుతుంది. ఇటీవలి ఏళ్ళలో మార్చి 22, నవంబరు 1 కూడ చేరినవి. ఓటరు జాబితాలో పేరున్న ఎవరయినా లేచి లెక్క అడుగవచ్చు. సభలో ఎందరు నిజంగా లేస్తారన్నది వేరే సంగతి. సంతకాలు మాత్రం చాలినన్ని ఉంటవి. పట్టణంలో ఓటరు ఎన్నుకొనేది ఒక్క వార్డు సభ్యుని. 2022లో మేయరును, పురపాలక అధ్యక్షుని ఆ సభ్యులే ఎన్నుకొన్నారు. ఊరంతా కలిసి ఒక అధ్యక్షుని ఎన్నుకొన్నవారు, అటు తరువాత నలభై ఎనిమిది మందిలో ఒకరినో ఇద్దరినో పంపుతారు. ఈ లోటు తీర్చుటకే పట్టణాలలో ప్రాంత సభలు ఏర్పరచి, 2022 నవంబరు 1న తొలిసారి జరిపించినారు. ఆ సభలు ఉన్నవన్న సంగతి తల్లిదండ్రులలో ఎందరికి తెలుసునో!

స్త్రీలకు, దళితులకు సంబంధించిన ఒక సూక్ష్మం ఇక్కడ చెప్పవలసి ఉన్నది. 1996 ఎన్నికలనాటికి స్త్రీలకు మూడవ వంతు, 2016లో చేసిన సవరణతో సగం స్థానాలు ప్రత్యేకించినారు. విరుదునగరం జిల్లా కొట్టకచ్చియేందల్, మదురై జిల్లాలోని పాప్పాపట్టి, కీరిపట్టి, నాట్టార్‌మంగలం పంచాయతీలలో దళితులకు ప్రత్యేకించిన అధ్యక్ష పదవికి పదేళ్ళపాటు ఎన్నిక జరుగనివ్వలేదు. 2006 అక్టోబరులో గాని అది సాధ్యపడలేదు. ఆ కుర్చీ అంత కష్టం మీద దొరికినది. తెలుగు మాట్లాడే అరుంధతీయులు ఈ జిల్లాలలో ఎందరో ఉన్నారు. ఊరు పెద్ద పట్టణంలో కలిసినప్పుడు పంచాయతీ అధ్యక్ష పదవితోపాటు ఆ పదవికున్న ప్రత్యేక కేటాయింపు కూడ పోతుంది. దానికి బదులు ఏ వార్డు ఎవరికి కేటాయించబడునో ఎన్నిక దగ్గర పడేవరకు తెలియదు. వార్డుల గీతలు గీచేటప్పుడు కాలనీని రెండుగా చీల్చితే ఏ వార్డులోనూ వారి సంఖ్య చాలదు. భాషకును ఇదే సూత్రం. ఒక ఊరిలో అందరూ తెలుగువారయితే ఆ ఊరి సభలో తెలుగు వినిపిస్తుంది. ఆ ఊరే మూడు వార్డులలో మూడు ముక్కలయితే వినిపించదు. కనుక విలీనం జరిగినా మానినా, వార్డుల విభజన ముసాయిదా ప్రకటించిన రోజులలో పెద్దలు పనులు మానుకొని దానిని చదువవలెను. గీత పొరపాటున పడినచోట గడువులోపల వ్రాసి ఇవ్వవలెను.

పొరంబోకు భూములను గూర్చి రెండు మాటలు. పశువుల మేత స్థలం, కళ్ళం, శ్మశానం, చెరువుగట్టు – ఇవి గ్రామానికి ఉమ్మడివి. అధికారుల రికార్డులో అవి ఖాళీ స్థలాలు. పట్టణానికి బస్‌స్టాండు కావలసినా, చెత్త పోయుటకు స్థలం కావలసినా దృష్టి ముందుగా పడేది వాటి మీదనే. పట్టణపు చెత్తబండి శివారు గ్రామంలోనే ఆగటం దేశమంతటా ఉన్న వాడుక. కలిసే గ్రామం తన ఉమ్మడి స్థలాల సర్వే నంబర్లు, కొలతలు, వాడుక వివరాలు చివరి గ్రామసభ తీర్మానంలో వ్రాయించి నకలు ఉంచుకొంటే, తరువాత వాదించుటకు ఒక ఆధారం మిగులుతుంది. తీర్మానాల పుస్తకం పట్టణ కార్యాలయపు బీరువాలోకి వెళ్ళిన పిమ్మట దానిని వెదకి తీయించటం ఎంత కష్టమో ఒకసారి ప్రయత్నించినవారికి తెలియును.

ఇవి విని, కలియనే కూడదని ఎవరైనా తీర్మానించుకొంటే అది ఈ ప్రసంగం తప్పు. విరుదునగరంలో పుట్టిన కామరాజు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలోనే 1958 పంచాయతీ చట్టం వచ్చినది. పంచాయతీ యూనియనులు ఏర్పడినవి. చిన్న ఊళ్ళను ఒక పెద్ద గొడుగు క్రిందికి తెచ్చి, వాటి చేత బడులు నడిపించిన ఏర్పాటు అది. ఈ సభలో అరవై దాటినవారిలో పలువురు ఆ బడులలోనే పలక పట్టినారు. పలు గ్రామాలు కలిసి ఒక బడిని పోషించటం తెలిసినవారికి, పలు గ్రామాలు కలిసి ఒక పట్టణాన్ని పోషించటం కొత్త ఏమీ కాదు. ఆ యూనియనులో మాత్రం ఏ గ్రామపు పేరును తీసివేయలేదు, ఏ గ్రామపు సభను రద్దు చేయలేదు.

ఈ పాఠశాల కార్యాలయంలో డెబ్బై అయిదేళ్ళ ప్రవేశ రిజిస్టర్లు వరుసగా ఉన్నవి. తొలినాటి వాటిలో సిరా గోధుమరంగుకు మారినది. అట్టలకు కొత్త గుడ్డ వేయించవలసి వచ్చినది. విద్యార్థి పేరు, తండ్రి పేరు, పుట్టినతేది, తరువాతి గడిలో స్వగ్రామం. ఆ గడిలో పల్లెల పేర్లు, వాటి చిన్నచిన్న మజరాల పేర్లు, ఒక్కొక్కచోట బావి పేరో తోట పేరో కూడ కనిపిస్తవి. గుమాస్తా విన్నది విన్నట్లు వ్రాసినందుకు ఆయనకు ధన్యవాదాలు చెప్పవలెను. గత ఇరువది ఏళ్ళ రిజిస్టర్లలో అదే గడిలో పట్టణం పేరు, వీధి నంబరు ఎక్కువయినవి. పిన్‌కోడ్ ఉంటే చాలునని పిల్లల తల్లిదండ్రులే చెప్తున్నారట.

జూబిలీ సందర్భంగా పై తరగతుల విద్యార్థులు, సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుల పర్యవేక్షణలో, ఆ పేర్లన్నింటినీ ఒక పట్టికగా ఎత్తి వ్రాస్తున్నారు. ఊరి పేరు, దాని చెరువు, గ్రామదేవత, ఏ పంచాయతీలో ఉండేది, నేడు ఏ వార్డులో ఉన్నది – ఇవి ఆ పట్టికలోని గడులు. చివరి రెండు గడులు పలుచోట్ల ఇంకా ఖాళీగా ఉన్నవి. గ్రంథాలయంలో తలుపు ప్రక్కన బల్లమీద ఆ పుస్తకం ఉంచబడినది. కలము దారంతో కట్టి ఉన్నది. భోజన విరామం రెండు గంటల వరకు. పూర్వ విద్యార్థులు ప్రయాణానికి లేచే ముందు తమతమ ఊళ్ళ వరుస చూచి, తెలిసినది నింపి వెళ్ళగలరని ప్రార్థన.